గంగారాం అన్నోడు గీ ఊర్ల లేడు

బాపూ,

దండాలు. నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్న అవ్వ నీ పేరు మీద అన్నం వండి, ఎండుచేపల పులుసు చేసి, ఆకులో వడ్డించి ఇంటి వెనక పెట్టింది. కాకి వచ్చేదాకా ఎండలోనే నిలబడింది. కాకి వచ్చి తిన్నాక పెనిమిటే తిన్నాడనుకుని కళ్ళు తుడుచుకుని, బీడీల చాట ముందేసుకుని కూర్చుంది.

నేను ఏడవలేదు. నాకు ఏడుపు రావడం లేదు బాపూ, కోపం వస్తోంది. ఏడాదిగా అదే. కోరుట్లలో పిల్లలకు పాఠం చెబుతుంటే వస్తుంది, బస్సులో కూర్చుంటే వస్తుంది, అన్నం ముందు కూర్చున్నా వస్తుంది. ఎవరి మీద అని అడిగితే ఒక్క పేరు చెప్పలేను. అందులో నువ్వు కూడా ఉన్నావు. అందుకే రాస్తున్నాను.

నువ్వుండగా నీకెప్పుడూ ఉత్తరం రాయలేదు. రాస్తే చదివి వినిపించడానికి ఎవరో ఒకరు కావాలి, వాళ్ళకు మన ఇంటి సంగతంతా తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు కదా...

నాకు సీటు వచ్చిందని చెప్పిన రోజు గుర్తుందా? రాయికల్ సంతలో నువ్వు మిరపకాయలు బేరం చేస్తున్నావు. దేశంలోకెల్లా పెద్ద సైన్సు సంస్థ అనీ, అందులో రీసెర్చ్ ఉద్యోగం వచ్చిందనీ, దానితోపాటే పిహెచ్‌డి కూడా చేయొచ్చనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నువ్వు సంచీ కింద పెట్టి నా మొఖం చూశావు. "సదువు ఒడిసింది గద బిడ్డా, మల్ల సదువుడేంది?" అన్నావు. వాళ్ళే నెలనెలా డబ్బులిచ్చి చదివిస్తారని చెప్తే నువ్వు నమ్మలేదు. "పైసలిచ్చి సదివిపిస్తరా? నాకు సుత జూడరాదు గసొంటి కొలువు. దొర కాడ ఉన్నన్ని దినాలు నాకు గడ్డి కోసుడే నేర్పిండ్రు" అని నవ్వావు.

ఆ తర్వాత మిరపకాయలు మరిచిపోయావు. సంత అంతా తిరిగి కనబడ్డ ప్రతివాడికీ చెప్పావు. "నా బిడ్డ సరోజన పెద్ద సైన్సు ఆఫీసుల సదువనీకె పోతాంది" అని. ఉప్పు అమ్మే ఆయనకు రెండుసార్లు చెప్పావు. నాకు సిగ్గేసి నీ తువ్వాల పట్టి లాగాను.

ఆ సీటు ఊరికే రాలేదు బాపూ. ఆ సంగతి నీకు సగమే తెలుసు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై కోరుట్లలో ట్యుటోరియల్ కాలేజీలో చేరిన కొత్తలో, రీసెర్చ్ ఉద్యోగాలు ఎక్కడుంటాయో, ఎవరిని అడగాలో చెప్పే మనిషే లేడు. ఆదివారాలు జగిత్యాల లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లీషు పేపర్లలో ప్రకటనలు వెతికేదాన్ని. నేను చూసేసరికి సగం వాటికి గడువు అయిపోయి ఉండేది. గడువున్నవాటికి పంపితే జవాబు వచ్చేది కాదు. ప్రాజెక్టులో ఒక ఖాళీ అని వేస్తారు, ఆ ఖాళీలో ఎవరు కూర్చోవాలో ముందే అనుకుని ఉంటారు. ఆ మాట మనలాంటి వాళ్ళకు ఎవరు చెబుతారు?

సర్టిఫికెట్ల నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి. జగిత్యాలలో ఎంతమంది గుమ్మాల ముందు నిలబడ్డానో! మన ఊరి పేరు చూడగానే పెన్ను మూత పెట్టేసేవారు. ఆ ఊరి పిల్లకు సంతకం పెడితే రేపు ఎవరొచ్చి అడుగుతారోనని వాళ్ళ భయం. పోలీసులు అడుగుతారో, అడవిలోవాళ్ళు అడుగుతారో... చివరికి రాయికల్‌లో పశువుల డాక్టరు పెట్టాడు. మన ఊరి బర్రెలకు సూదులు వేయడానికి వచ్చేవాడు కాబట్టి ఆయన నన్ను ఎరుగును. ఆ సంతకాలు చూసి నువ్వన్న మాట మరిచిపోలేను. "మనుసుల ఆఫీసర్లు ఎవ్వలు నమ్మలే, బర్ల డాక్టర్ నమ్మిండు. మంచిగున్నది బిడ్డా, మనం బర్ల లెక్కల కన్న అచ్చినం."

ఇంటర్వ్యూలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. పెద్ద బల్ల, దాని వెనక పెద్దమనుషులు. ఎక్కడి నుంచి అని అడిగారు. జగిత్యాల వైపు అని చెప్పగానే ఒకాయన నా సంచీ వైపు చూసి, అందులో బాంబు ఏమైనా ఉందా అని ఇంగ్లీషులో అన్నాడు. అందరూ నవ్వారు. సంచీలో అవ్వ పొద్దున్నే కాల్చి కట్టిచ్చిన సర్వపిండి ఉంది బాపూ. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే సీటు పోతుందేమోనని నవ్వాను. ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది.

ఒక మేడం మాత్రం నవ్వలేదు. ఆమె రంగు నీళ్ళ గురించి అడిగింది. సిరిసిల్లలో బట్టకు అద్దకం వేశాక మిగిలిన రంగు నీళ్ళు మోరీలో పడి పోతుంటాయి కదా, ఆ నీళ్ళలోంచి రంగును ఎలా విడదీయొచ్చో చెప్పమంది. నాకు తెలిసినదంతా బోర్డు మీద రాసి చెప్పాను. ఆమె ఆపకుండా అడిగింది, నేను ఆపకుండా చెప్పాను. అప్పటికి సంచీ సంగతి అందరూ మరిచిపోయారు. ఆమె కిందే నాకు సీటు ఇచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నువ్వు కబురు పెట్టావు. పసుపు బస్తాలతో కోరుట్ల మార్కెట్టుకు వచ్చిన మన ఊరి ఎడ్లబండ్లవాళ్ళు కాలేజీకి వచ్చి చెప్పి పోయారు. "నేను రమ్మనేదాక ఊరికి రాకు. ఎందుకని అడుగకు" అన్నావట. ఊళ్ళో పోలీసులు గాలిస్తున్నారేమో అనుకున్నాను. ఆ రోజుల్లో గాలింపు లేని నెల ఎప్పుడుంది? నీ మాట విని ఆగిపోయాను.

అంతలోనే నీకు జ్వరం. నాకు తెలిసిన రోజే బంద్. ఎక్కడో కల్వర్టు పేల్చారని బస్సులు ఆపేశారు. రాయికల్‌లో జీపు ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, రోడ్డులో మందుపాతర ఉంటే తన పిల్లలకు దిక్కెవరన్నాడు. ఆయన తప్పేముంది? పేదవాళ్ళ కోసమే బంద్ అని గోడల మీద రాశారు. జ్వరమొచ్చిన పేదవాడు ఏం పట్టుకుని ఆస్పత్రికి పోవాలో ఆ గోడ మీద రాయలేదు. నేను నడిచి వచ్చేసరికి నిన్ను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. నీ చేతికర్ర గోడకు ఆనించి ఉంది.

నీ దినాలు అయ్యాక కోరుట్లకు వచ్చాను. సంస్థ నుంచి ఉత్తరం వచ్చి ఉంది. జాయిన్ అవ్వాల్సిన తారీఖు ఉంటుందనుకుని విప్పాను. సీటు రద్దు అని ఉంది. నేను రాసిన ఊరూ, తండ్రి పేరూ విచారణలో తప్పని తేలాయట. అలాంటి తండ్రి ఆ ఊళ్ళో లేడట.

దినాలు చేసి వచ్చాను బాపూ. నీకు కొరివి పెట్టిన ఊళ్ళోనే నువ్వు లేవని రాశారు!

జగిత్యాలలో ఆఫీసుకు పోయాను. ఆ ఆఫీసు పేరు రాయను, ఎన్నిసార్లు తిప్పారో కూడా రాయను. ఒకరి బల్ల నుంచి ఇంకొకరి బల్లకు. పెద్ద సర్కారు సంస్థలో చేరేవాళ్ళ గురించి ఠాణావాళ్ళు ఊరికి వచ్చి విచారిస్తారట. ఆ ముక్క సంస్థవాళ్ళు నాకు చెప్పలేదు, ఠాణావాళ్ళు చెప్పలేదు. మన ఊరికి వచ్చిన కానిస్టేబులు తర్వాత సిరిసిల్లకు బదిలీ అయ్యాడని ఒక క్లర్కు చెప్పాడు. ఆయన్ని పట్టుకుంటే తప్ప తప్పెక్కడ జరిగిందో తేలదనుకున్నాను.

సిరిసిల్ల పోయాను. మరమగ్గాల చప్పుడులో నడుస్తుంటే పక్కన మోరీ ఎర్రగా పారుతోంది. ఏ రంగు వాడారో చూస్తే కొంత చెప్పగలను, దాన్ని నీళ్ళలోంచి ఎలా తీయాలో ఆలోచించగలను. ఆ పని చేయడానికి సీటు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారు. ఆ మోరీ పక్కన నిలబడి తిట్టుకున్నాను, బయటికే.

ఆ కానిస్టేబులు బస్టాండు దగ్గర డ్యూటీలో దొరికాడు. ఎక్కడో దూరం జిల్లా మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. చెడ్డవాడేం కాదు. నన్ను బెంచీ మీద కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. సరిగానే విచారించానని గట్టిగా చెప్పాడు. ఊళ్ళో దిగగానే నేరుగా సుంకరినే పిలిపించి అడిగాడట. సర్కారు మనిషి కదా, వాడెందుకు అబద్ధం చెబుతాడు అన్నాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను బాపూ.

నీ పనే అది కదా! ఊరికి ఏ ఆఫీసర్ వచ్చినా ముందు సుంకరిని పిలుస్తారు. ఎవరి ఇల్లు ఎక్కడో చూపించాలి, మనిషిని పిలుచుకు రావాలి, డప్పు కొట్టి చాటాలి, పుట్టినవాళ్ళనూ చచ్చినవాళ్ళనూ రాయించాలి. ఊరంతా నీకు తెలుసు. నీ పేరు మాత్రం ఏ ఆఫీసర్‌కూ తెలియదు. ఏయ్ సుంకరీ అంటారు, నువ్వు చేతులు కట్టుకుని వస్తావు.

గంగారాం బిడ్డ సరోజన అనే అమ్మాయి ఇల్లు ఏదని ఆ కానిస్టేబులు నిన్నే అడిగాడు. నువ్వు కాసేపు ఆలోచించినట్టు చేశావట. తర్వాత అన్నావట... "గంగారాం అన్నోడు గీ ఊర్ల లేడు సారూ. గా పొల్ల ఎవలో నాకెర్క లేదు."

మన వైపు గంగారాం లేని ఊరు ఉంటుందా? ఏ వాడలో పిలిచినా ఇద్దరు పలుకుతారు. వేరే జిల్లావాడు కాబట్టి నమ్మాడు.

అంతటితో ఆగలేదు నువ్వు. అనుమానం ఉంటే తిరిగి చూడు సారూ అని ఊరంతా తిప్పావు. కిరాణా కొట్టు దగ్గర, పంచాయతీ దగ్గర, పటేళ్ళ వాడలో, ప్రతిచోటా నువ్వే ముందు నిలబడి అడిగావు. "గంగారాం అన్నోడు ఎవలన్న ఉన్నడా?" అని. వాళ్ళు నీ మొఖం చూశారు. లేడని చెప్పారు. సంతలో నీ నోటనే నా సీటు సంగతి విన్నవాళ్ళు, నన్ను చిన్నప్పటి నుంచీ ఎత్తుకున్నవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు నోరు జారలేదట. మన వాడ వైపు మాత్రం నువ్వు తీసుకుపోలేదు. ఆయనా అడగలేదు. అటు కూడా మనుషులుంటారని ఆయనకు తట్టలేదేమో. చివర్లో మంచినీళ్ళిచ్చి, బస్సు దాకా సాగనంపావట.

ఆ సుంకరి పేరే గంగారాం అని, ఆయన నా తండ్రి అని చెప్పాను. కానిస్టేబులు టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. తర్వాత తన తప్పు లేదన్నట్టు చేతులు తిప్పాడు. సుంకరి పేరు ఎవరైనా అడుగుతారా అమ్మా అన్నాడు.

అదే బాపూ! సరిగ్గా అదే నా కోపం. ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లన్నీ నిన్ను అడిగి రాసుకుంటారు, నీ పేరు అడగరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీ పేరేంటని అడిగి ఉంటే నువ్వేం చెప్పేవాడివి? నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి నువ్వు లేవు.

ఇంటికి వచ్చి అవ్వను నిలదీశాను. ఆమెకు తెలుసు. ఆ రోజు నువ్వు ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని చెప్పావట. "బిడ్డ కోసం మఫ్టీల అచ్చిండు ఒకడు. పేరు రాసుకొని సుత అచ్చిండు. తిప్పి తిప్పి పంపిచ్చిన. నా బిడ్డ గండం దాటింది, నువ్వేం రందివడకు." ఆ పూట కడుపునిండా తిన్నావట. చాలాకాలానికి నిమ్మళంగా నిద్రపోయావట.

సంతోషంగా పోయావు నువ్వు. నన్ను కాపాడానని అనుకుంటూ పోయావు. ఇది విని నేనేం చేయాలి? నిన్ను తిట్టాలా? నీ ఫొటోకు దండ వేయాలా? ఫొటో కూడా లేదు కదా మన దగ్గర...

నీకెందుకంత భయమో నాకు తెలియదా? తెలుసు. అప్పుడు నేను చిన్నదాన్ని, కానీ చూశాను. నీ తమ్ముడు మల్లేశం, నా చిన్నబాపు. తునికాకు కట్టకు రేటు పెంచాలని కాంట్రాక్టరు ముందు నిలబడి అడిగాడు. అంతకన్నా ఏం చేశాడో నాకైతే తెలియదు. పట్టపగలు జీపు వచ్చింది. అలవాటు ప్రకారం సుంకరిని పిలిచారు, మల్లేశం ఉన్నాడా అని అడిగారు. నువ్వు దాచలేదు. నీ పనే అది, పైగా అబద్ధం ఎందుకాడాలో అప్పటికి నీకు తెలియదు. "ఉన్నడు సారూ, అన్నం తింటున్నడు, పిలుస్తా" అన్నావు. అన్న పిలిచాడని చిన్నబాపు ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చాడు. బీర్పూర్ గుట్టల్లో ఎదురుకాల్పులు జరిగాయని తర్వాత పేపర్లో వేశారు. అన్నం ముందు నుంచి లేచిపోయిన మనిషికి తుపాకి ఎక్కడి నుంచి వచ్చిందో వేయలేదు.

అప్పటి నుంచి నీ నోట ఒకటే మాట. "నేను ఉన్నడని చెప్తెనే ఆడు లేకుంట పోయిండు." మాకు కూడా అదే నేర్పావు. "ఎవడన్న అచ్చి ఎవల పేరన్న అడిగితే ముందుగాల తెల్వది అనుండ్రి. ఆలోచన ఎన్కశిరి జేసుకోవచ్చు." మేమే కాదు, ఊరంతా అదే నేర్చుకుంది. అడిగినవాడు పోస్టుమాన్ అయినా సరే, ముందు తెలియదనడమే.

నేను బతకాలని నన్ను లేదన్నావు. సరే, అర్థమైంది. నీ కష్టం నాకు తెలుసు. కానీ నిన్ను నువ్వెందుకు లేదన్నావు బాపూ? గంగారాం నేనే, నాకు బిడ్డ లేదు అనొచ్చు కదా? అంత తేలిగ్గా ఎలా చెరిపేసుకున్నావు నీ పేరు? ఎవరూ పిలవక పిలవక నీకే ఆ పేరు నీది కానట్టు అనిపించిందా?

నీ తర్వాత సుంకరి పని అవ్వ చేస్తోంది. ఇంకా ఆర్డర్ రాలేదు, కానీ కర్ర ఆమె చేతిలోనే ఉంది. ఊళ్ళో చావులు రాయించేవాడివి నువ్వు, నీ చావు ఎవరు రాయిస్తారు? చాలా రోజులు అది కాగితం మీదకు ఎక్కనే లేదు. చివరికి అవ్వే పోయి రాయించింది. పేరు చెప్పమంటే సుంకరి అనబోయి ఆగి, గంగారాం అని చెప్పిందట.

ఈ ఏడాది సంస్థవాళ్ళు మళ్ళీ ప్రకటన వేశారు. మళ్ళీ అప్లికేషన్ పెట్టాను, మళ్ళీ ఆ బల్ల ముందు నిలబడ్డాను. పోయినసారి తప్పుడు వివరాలు ఇచ్చిన అమ్మాయివి నువ్వే కదా అన్నారు. నేను ఇచ్చినవి తప్పు కావని, మా ఊళ్ళో పోలీసులకు నిజం చెప్పడం ఎంత ఖరీదైన పనో మీకు తెలియదని అన్నాను. గొంతు పెరిగింది. ఒకాయన నొచ్చుకున్నాడు. ఆ మేడం కాగితాల మీంచి తల ఎత్తకుండా, ఇక కెమిస్ట్రీ మాట్లాడుకుందామా అంది. మాట్లాడుకున్నాం. సీటు ఇచ్చారు. పోలీసు రిపోర్టు వస్తేనే చేరనిస్తామని కింద రాశారు.

ఈసారి నేను ఊళ్ళోనే కూర్చున్నాను. వచ్చే మనిషి విచారణకే వస్తాడని, పట్టుకుపోవడానికి కాదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు తల ఊపారు.

వచ్చాడు. వయసులో చిన్నవాడు. పంచాయతీ దగ్గర నిలబడి సుంకరిని పిలవమన్నాడు. అవ్వ కర్ర పట్టుకుని పోయింది. కర్రను నేలకు గట్టిగా ఆనించి నిలబడింది బాపూ, నేను చూస్తూనే ఉన్నాను. గంగారాం బిడ్డ సరోజన ఎవరని అడిగాడు. అవ్వ ఒక్కసారి నా వైపు చూసి, గది నా బిడ్డనే సారూ, నా కడుపుల పుట్టింది, గంగారాం నా పెనిమిటి, గీ ఊరికి గాయనే సుంకరి ఉండె అని చెప్పింది. ఆ మాట వినగానే కిరాణా కొట్టాయన దిగి వచ్చాడు. పటేళ్ళ వాడ నుంచి ఇద్దరు వచ్చారు. అందరూ నేను తెలుసన్నారు, నువ్వు తెలుసన్నారు. ఆ పిల్లవాడు రాసుకోలేక మెల్లగా చెప్పమన్నాడు.

తర్వాత కాగితం తిప్పి, మల్లేశం ఎవరని అడిగాడు.

పటేళ్ళ వాడ నుంచి వచ్చినవాళ్ళు వెనక్కి జరిగారు. కిరాణా ఆయన తన కొట్టు వైపు చూశాడు. అవ్వ మాత్రం మొదలుపెట్టింది కాబట్టి ఆగలేదు. నా మర్ది అని చెప్పింది.

రిపోర్టు జగిత్యాలలో ఆగిపోయింది. నన్ను పిలిపించారు. ఆఫీసర్ మంచిగానే మాట్లాడాడు. బాగా చదువుకున్న అమ్మాయివి, నీ లాంటివాళ్ళు పైకి రావాలి అన్నాడు. మల్లేశం అనేవాడితో మా ఇంటికి ఏ చుట్టరికమూ లేదని ఒక్క లైను రాసి సంతకం పెడితే రిపోర్టు వెంటనే పంపిస్తానన్నాడు. కాగితం ఇచ్చాడు, తన పెన్నే ఇచ్చాడు.

నిజం చెబుతున్నాను, రాద్దామనే అనుకున్నాను. ఒక్క లైను. బల్ల ముందు కూర్చుని ఆ పెన్ను మూత తీశాను. నువ్వుంటే ఏమనేవాడివో కూడా తెలుసు. "రాసెయ్ బిడ్డా, సచ్చినోడు కోపం జేస్తడా?" అనేవాడివి. నన్ను బతికించుకోవడం కోసం నీ పేరే వదులుకున్నవాడివి, తమ్ముడి పేరు వదలమని చెప్పవా?

కానీ అప్పుడే మళ్ళీ ఆ కోపం వచ్చింది. లేరంటే సీటు పోయింది. ఉన్నారంటే సీటు పోతోంది. ఉన్నవాళ్ళను లేరనాలి, వాళ్ళు చంపేసిన మనిషిని మనవాడే కాదనాలి, అప్పుడు గానీ మనం చదువుకోవడానికి పనికిరామా? ఆ బల్ల వెనక నవ్విన పెద్దమనుషుల్లో ఎవరినైనా, మీ బాబాయి మీ బాబాయి కాదని రాసివ్వండి అని అడిగారా?

నీ మాట వినలేదు బాపూ. రాశాను. మల్లేశం నా తండ్రి గంగారాంకు స్వయానా తమ్ముడు, నాకు చిన్నబాపు, అన్నం తింటుంటే పిలిచి తీసుకుపోయారు, తిరిగి రాలేదు. నా పేరు, నీ పేరు, ఊరి పేరు రాసి సంతకం పెట్టాను. ఆఫీసర్ చదివాడు. నీ సీటు నువ్వే చేజేతులా పోగొట్టుకున్నావు అన్నాడు. చింపేస్తాడనుకున్నాను, చింపలేదు. ఫైల్లో పెట్టి, ఇక పొమ్మన్నాడు.

అవ్వకు చెబితే తిడుతుందనుకున్నాను. బీడీ చుడుతూ విన్నది. కాసేపటికి లేచి సర్వపిండికి పిండి కలపడం మొదలుపెట్టింది.

నిన్న సంస్థ నుంచి తంతి వచ్చింది. రిపోర్టు అందే వరకు రావద్దట. ఎప్పుడు అందుతుందో, అందినా అందులో ఏం ఉంటుందో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుస్తుంది. చేరాల్సిన తారీఖు మాత్రం దగ్గరకొచ్చేసింది. తారీఖు దాటితే మేడం కూడా ఏం చేయలేదు.

నేను పోతున్నాను బాపూ. రావద్దన్నా పోతున్నాను. కాలేజీలో చెప్పేశాను, బట్టలు సర్దుకున్నాను. అక్కడ గేటు దగ్గర ఆపి పేరు, తండ్రి పేరు, ఊరు రాయమంటారు. నీ పేరు పెద్ద అక్షరాలతో రాస్తాను. లోపలికి పంపకపోతే గేటు ముందే నిలబడతాను, మేడం బయటికి వచ్చేదాకా, ఆ నవ్వినాయన బయటికి వచ్చేదాకా. సీటు ఇస్తారో ఇవ్వరో వాళ్ళ ఇష్టం. ఇవ్వకపోతే ఉత్తరంలో కాదు, నా మొఖం చూసి చెప్పాలి. గంగారాం ఎవరని అడిగితే చెప్పడానికి ఈసారి నేనున్నాను. ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా చెబుతాను.

ఉంటాను.

నీ బిడ్డ
సరోజన